మనసుకు వైద్యుణ్ణి యెంచుకోవడం

మన యిళ్ళలో పంటినొప్పి వస్తే యెవరి దగ్గరకు వెళ్ళాలో పిల్లలకు కూడా తెలుసు. కంటికి ఫలానా ఆస్పత్రి, మోకాళ్ళకు ఫలానా డాక్టరు అని పెండ్లిపందిట్లో కూర్చుని ఒకరికొకరం చెప్పుకుంటాం. మనసుకు జబ్బు చేస్తే మాత్రం ఆ పందిట్లో యెవరమూ నోరు మెదపం. తరాలుగా చెన్నపట్నంలో కాపురముంటున్న మనకు "కీల్పాకు" అన్నది పేట పేరుగా కన్న యెగతాళి మాటగానే యెక్కువ పరిచయం.

ఆ కీల్పాకు ఆస్పత్రి చిన్న సంస్థ కాదు. 1794లో కుంఫిణీవారి డాక్టరు వాలెంటైన్ కానొలీ యీ పట్నంలో మతి చెదిరినవారి కోసం ఒక గృహం పెట్టాడు. 1871లో అది కీల్పాకుకు మారింది. రోగిని గోడలచాటున దాచడమే వైద్యమనుకొన్న రోజులవి. 1961లో డాక్టర్ శారదా మేనోన్ దానికి సూపరింటెండెంటు అయినారు. మన దేశంలో తొలి మహిళా మానసిక వైద్యురాలిగా ఆమెకు పేరు. ఆమె పదవీ విరమణ చేసిన తర్వాత, 1984లో, మిత్రులతో కలిసి స్కార్ఫ్ అన్న సంస్థను యిక్కడే స్థాపించారు. 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ ఆత్మహత్యల నివారణకు "స్నేహ" కేంద్రాన్ని ప్రారంభించారు. అంటే మన వూళ్ళో వైద్యానికి లోటు లేదు. దాని గడప తొక్కడం మనకు తెలియదు, అంతే.

మా యింటి సంగతి

పరుల మాట యెందుకు, మా యింట్లో జరిగినదే చెప్తాం. మా చెల్లెలి కొడుకు పాత మహాబలిపురం రోడ్డులో ఒక కంప్యూటరు కంపెనీలో వుద్యోగం చేస్తున్నాడు. కొన్నేండ్ల క్రిందట వాడికి నిద్ర తప్పింది. తర్వాత తిండి తప్పింది. అందరితో కలిసి భోజనానికి కూర్చోవడం మానేశాడు. పెద్దలం గదా, తలా ఒక నిర్ధారణ చేశాం. దిష్టి అన్నారొకరు, సెల్ ఫోను అన్నారొకరు, పెండ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయన్నారు మరొకరు. ఆ చివరి మాట అన్నది మేమేనని ఒప్పుకోక తప్పదు.

నాలుగు నెలలు గడిచాక, తెలిసినవారు చెప్పగా ఒక సలహాదారుగారి వద్దకు వాణ్ణి తీసికొని వెళ్ళాం. ఆయన యేమి చదివారో మేము అడగలేదు. వాడిచేత గంటసేపు చెప్పించుకొన్నారు, పావుగంట హితబోధ చేశారు. మరునాడు వాడు చెప్పినదంతా మా మరిదిగారికి ఫోనులో అప్పజెప్పారు.

"పెద్దమ్మా, చెప్పుకోమన్నది మీరే. యిక యెవరికీ యేమీ చెప్పను" అన్నాడు వాడు. మళ్ళీ మరొకరి దగ్గరకు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ మా చెల్లెలు అర్ధరాత్రి లేచి, వాడి గది తలుపు క్రింద వెలుతురు వుందా, ఆరిందా అని చూస్తూ గడిపింది. మరొక తల్లి అలా గడపకూడదని యీ నాలుగు మాటలూ వ్రాస్తున్నాం.

యెవరు యేమి చేస్తారు?

సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. చదివి ఆపైన మానసిక వైద్యంలో ప్రత్యేక పట్టం పొందిన డాక్టరు. మందు వ్రాసేది వీరే. లేని మాటలు వినబడడం, వారాల తరబడి నిద్ర లేకుండా హుషారుగా తిరగడం, చచ్చిపోవాలన్న ఆలోచన రావడం వంటివి కనబడితే మొదట వీరి వద్దకే వెళ్ళాలి. అక్కడ మాటలతో కాలయాపన చేయరాదు.

క్లినికల్ సైకాలజిస్టు మందు వ్రాయరు. పరీక్షలు చేసి, మాటల ద్వారా వైద్యం చేస్తారు. 1992 చట్టం క్రింద యేర్పడిన భారత పునరావాస మండలిలో వీరు పేరు నమోదు చేయించుకోవాలి. ఆ నంబరు అడిగితే కోపగించుకోవలసిన పని లేదు. యిక కౌన్సిలరు అన్న బోర్డు క్రింద రెండేండ్లు ఎం.ఎ. చదివి, పెద్దల పర్యవేక్షణలో పని నేర్చినవారూ వుంటారు, నాలుగు రోజుల శిక్షణతో సరిపెట్టుకొన్నవారూ వుంటారు. బోర్డు చూస్తే తేడా తెలియదు, అడిగితేనే తెలుస్తుంది.

వైద్యంలో తీరులు

వియన్నా నగరంలో ఫ్రాయిడ్ మొదలుపెట్టిన పద్ధతిలో బాల్యం, కలలు, మరచిపోయామనుకొన్న సంగతులు త్రవ్వి తీస్తారు. కలకత్తాలో గిరీంద్రశేఖర బోస్ 1922లోనే దీనికొక సంఘం నెలకొల్పారు. యిది దీర్ఘకాలం సాగేది, ఓపిక వున్నవారికి మేలు.

అమెరికాలో ఏరన్ బెక్ 1960ల్లో రూపొందించిన పద్ధతి వేరు. మనసులో తిరిగే ఆలోచనను కాగితంమీద పెట్టి, అది నిజమా అని వాదించి చూస్తారు. యింటికి పని కూడా యిస్తారు. సాధారణంగా కొన్ని నెలల్లో ముగుస్తుంది. దిగులుకూ, భయాలకూ బాగా పనికివస్తుందని పరీక్షల్లో తేలింది. గ్యాసు కట్టామా లేదా అని పదిసార్లు లేచి చూడడం, చేతులు తోమి తోమి పుండు చేసుకోవడం వంటివాటికి యీ కుదురులోనే ప్రత్యేకమైన అభ్యాసం ఒకటి వుంది. భయపడే పనికి యెదురునిలిచి, తిరిగి కడగకుండా వుండడం మెల్లమెల్లగా నేర్పుతారు. మన యిళ్ళలో యిది మడి పేరుతో యేండ్ల తరబడి దాగి వుండగలదు. మడి మనిషికి తృప్తినిస్తుంది. యీ జబ్బు యెన్నిసార్లు కడిగినా తృప్తినివ్వదు. తేడా అక్కడే.

కార్ల్ రోజర్స్ పద్ధతిలో వైద్యుడు తీర్పు చెప్పడు, సలహా గుమ్మరించడు. శ్రద్ధగా వింటాడు, ఆ వినడంలోనే రోగి తన దారి చూచుకొంటాడు. యిక కుటుంబ వైద్యం మనవారికి చాలా దగ్గర. 1950ల్లో అమృతసర్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఆస్పత్రి ఆవరణలో గుడారాలు వేయించి రోగులతోపాటు యింటివారిని కూడా వుంచారు. మన పొరుగున వేలూరులో కూడా రోగితో బంధువులు వుండి వైద్యంలో పాలుపంచుకొనే ఆచారం వుంది.

యిన్ని తీరులలో యేది గొప్పదని అడిగితే, జబ్బును బట్టి అని జవాబు. పరిశోధకులు మళ్ళీ మళ్ళీ గమనించినది ఒకటుంది. పద్ధతి యేదయినా, రోగికీ వైద్యుడికీ మధ్య కుదిరిన నమ్మకం ఫలితంలో పెద్దపాలు వహిస్తుంది.

అడుగవలసినవి

మొదటిసారి వెళ్ళినప్పుడు నాలుగు సంగతులు అడగండి. యేమి చదివారు, యెక్కడ పేరు నమోదయింది? యిటువంటి బాధకు యేవిధంగా వైద్యం చేస్తారు, మెరుగైనదీ లేనిదీ యెలా తెలుసుకొంటారు? ఫీజెంత, వారానికి యెన్నిసార్లు? అన్నిటికన్న ముఖ్యం, చెప్పిన మాట యెవరికి చేరుతుంది? 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టం గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. వయసు వచ్చిన బిడ్డ మాటలు ఫీజు కట్టిన తండ్రికి కూడా చెందవు. యిది మనకు మింగుడుపడని సంగతే, అయినా మింగాలి.

మూడు నాలుగుసార్లు వెళ్ళినా మనసు కుదరకపోతే మార్చుకోవచ్చు. అది కృతఘ్నత కాదు. పది రోజుల్లో నయం చేస్తానని మాట యిచ్చేవారిని, డాక్టరు యిచ్చిన మందు పారేయమనేవారిని, వైద్యం దాటి చనువు పెంచేవారిని వెంటనే విడిచిపెట్టాలి.

భాష మాట

తెలుగు వచ్చినవారే కావాలని మేము పట్టుబట్టాం. మావాడు ఆఫీసులో యింగ్లీషు, వీధిలో తమిళం మాట్లాడినా, దుఃఖం వచ్చేది తెలుగులోనే గదా అనుకొన్నాం. చివరకు దొరికినది ఒక తమిళ అమ్మగారు. వాడు ఒకనాడు "బెంగగా వుంది" అన్నాడట. "బెంగ అంటే యేమిటో నాకు తెలియదు, చెప్పు" అన్నదట ఆమె. ఆ మాట విప్పి చెప్పడానికి వాడికి అరగంట పట్టింది. పోయిన తాతగారినుంచి మొదలుపెట్టి వుద్యోగం దాకా వచ్చాడు. తెలుగువారైతే తెలిసినట్లు తలవూపి వుండేవారేమో! సొంతభాష వుంటే మంచిదే, అడిగే ఓపిక వుంటే యింకా మంచిది.

ఖర్చు భరించలేనివారికి ప్రభుత్వ ఆస్పత్రులు వున్నాయి. యే గడపా తొక్కలేని రాత్రి 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో ప్రారంభమైన ఆ టెలిమానస్ సేవ రాత్రింబవళ్ళు వుచితం, తెలుగులో కూడా మాట్లాడతారు.

మావాడు యిప్పటికీ పక్షానికొకసారి ఆమె దగ్గరకు వెళ్తున్నాడు. యేమి మాట్లాడాడో మేము అడగం. ఆదివారం మా యింటికి భోజనానికి వస్తాడు. మొన్న రెండవసారి పప్పుచారు వేయించుకొన్నాడు. మా చెల్లెలు మావైపు చూసింది, మేము వంటింట్లోకి వెళ్ళిపోయాం.