కాకతీయుల రాజ్యవారసత్వం – శాసన పదజాలం: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

రుద్రదేవుడు, మహాదేవుడు, గణపతిదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు అనే పేర్లు పాఠ్యపుస్తకాలలో ఒకే వరుసలో కనిపిస్తాయి. ఆ వరుసను చూస్తే ఓరుగల్లు సింహాసనం తండ్రి నుండి కుమారునికి సహజంగా సంక్రమించినట్లు తోస్తుంది. కాని ఈ ఐదుగురి మధ్య జరిగిన నాలుగు అధికార సంక్రమణాలలో తండ్రి నుండి కుమారునికి చేరినది ఒక్కటే. మిగిలిన మూడు సందర్భాలలో తమ్ముడు, కుమార్తె, కుమార్తె కుమారుడు వారసులయ్యారు. ఈ వారసత్వాన్ని సమర్థించడానికి ఆనాటి శాసనాలు, కావ్యాలు వాడిన పదాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. రక్తసంబంధం – సామంత విధేయత

1163 నాటి అనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం రుద్రదేవుని స్వతంత్రాధికారాన్ని చాటుతుంది. ఆయన తరువాత తమ్ముడు మహాదేవుడు రాజయ్యాడు. దేవగిరి యాదవులతో జరిగిన పోరులో మహాదేవుడు మరణించగా, ఆయన కుమారుడు గణపతిదేవుడు శత్రువులకు బందీగా చిక్కాడు. 1199 ప్రాంతంలో గణపతిదేవుడు విడుదలై వచ్చేవరకు రాజ్యాన్ని కాపాడినవాడు సేనాని రేచర్ల రుద్రుడు. 1213లో పాలంపేట రామప్ప గుడిని ప్రతిష్ఠించినది ఈయనే. గణపతిదేవునికి హక్కు పుట్టుకతో వచ్చింది. దానిని నిలబెట్టినది సామంతుని విధేయత.

3. కుమార్తె – ‘మహారాజు’

గణపతిదేవునికి కుమారులు లేరు. కుమార్తెలలో గణపాంబను కోట బేతరాజుకిచ్చి వివాహం చేశాడు. భర్త మరణానంతరం ఆమె ధరణికోట ప్రాంతాన్ని పాలించినట్లు యనమదల శాసనం తెలుపుతుంది. కాకతీయ సింహాసనానికి మాత్రం రుద్రమదేవిని ఎంచుకున్నాడు. 1261 నాటి మల్కాపురం శాసనంలో ఆమె గణపతిదేవుని కుమార్తెగానే కనిపిస్తుంది. ఇతర శాసనాలలో ‘రుద్రదేవ మహారాజు’ అనే పుంలింగ వ్యవహారం ఉంది. 1269 నాటి దుగ్గి శాసనంలో ‘పట్టోద్ధతి’ అనే పదం వస్తుంది. దీనికి పట్టాభిషేకానికి ఎన్నికైన వ్యక్తి అని చరిత్రకారులు అర్థం చెప్పారు. తండ్రి ఆమెను పుత్రునిగా భావించి రుద్ర నామమిచ్చినట్లు విద్యానాథుని ప్రతాపరుద్రీయం వర్ణిస్తుంది. ఈ పుంలింగ పదాలను కేవలం గౌరవవాచకాలుగా భావించలేం. పురుషునికే నిర్దేశించిన పదవికి స్త్రీని అర్హురాలిని చేసిన రాజకీయ భాష ఇది.

అయితే భాష ఒక్కటే చాలలేదు. ఆమె పాలన తొలి సంవత్సరాలలోనే యాదవ మహాదేవుడు దండెత్తాడు. సిర్గాపూర్, నారాయణఖేడ్ ప్రాంతాలకు పొరుగున ఉన్న బీదరు కోటలో లభించిన కన్నడ శాసన శకలం, ఆమె పక్షాన పోరాడిన సింద వంశీయుడు భైరవుని ప్రస్తావిస్తుంది. పశ్చిమ సరిహద్దులోనూ ఆమె అధికారాన్ని అంగీకరించిన సామంతులు ఉన్నారనడానికి ఇది ఆధారం. హరిహర మురారిదేవులు ఆమెపై తిరగబడ్డారన్న కథనం తరువాతి కాలపు ప్రతాపచరిత్రలోనిది. సమకాలీన శాసనాలు దానిని సమర్థించవు.

4. దౌహిత్రుడు – పుత్రుడు

రుద్రమదేవికి కూడా కుమారులు లేరు. ఆమె కుమార్తె ముమ్మడమ్మ కుమారుడే ప్రతాపరుద్రుడు. దౌహిత్రుడు సాధారణంగా తన తండ్రి వంశానికి చెందుతాడు. అయితే పుత్రులు లేనివాడు కుమార్తెను ‘పుత్రిక’గా నియమించి, ఆమె కుమారుని తన కుమారునిగా గ్రహించవచ్చని ధర్మశాస్త్రం అంగీకరించింది. రుద్రమదేవి మనుమని దత్తత తీసుకోవడం ఈ భావనకు దగ్గరగా ఉంది. 1289 నవంబరు నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని సూచిస్తుంది. ఆ తరువాత ప్రతాపరుద్రుడు 1323 వరకు పాలించాడు.

5. ఒక పోలిక

జర్మనీలోని హనోవర్ రాజవంశం 1714 నుండి బ్రిటన్ సింహాసనాన్ని కూడా అధిష్ఠించింది. 1837లో నాలుగవ విలియం మరణించినప్పుడు బ్రిటన్ సింహాసనం విక్టోరియాకు దక్కింది. పురుష వారసుడు ఉండగా స్త్రీకి అవకాశమివ్వని హనోవర్ నియమం వల్ల అక్కడి సింహాసనం ఆమె పినతండ్రి ఎర్నెస్ట్ అగస్టస్‌కు చేరింది. ఫలితంగా రెండు రాజ్యాలూ విడిపోయాయి. హనోవర్‌లో నియమం వ్యక్తిని తొలగించింది. ఓరుగల్లులో ఎంచుకున్న వ్యక్తికి అనుగుణంగా సంబోధన మారింది.

6. ముగింపు

కాకతీయ వారసత్వం ప్రతి తరంలోనూ అవసరాన్ని బట్టి నిర్ణయమై, పదాలతో సమర్థన పొంది, సామంతుల బలంతో నిలిచింది. కాబట్టి ‘రుద్రదేవ మహారాజు’ అన్న పదాన్ని శాసన పరిష్కర్తలు, అనువాదకులు ‘రుద్రమదేవి’గా సవరించి ముద్రిస్తే చదవడం సులువవుతుంది. కాని ఆ సవరణలో స్త్రీకి సింహాసనం దక్కిన విధానానికి ఉన్న ప్రత్యక్ష సాక్ష్యం చెరిగిపోతుంది. మూలపాఠాన్ని యథాతథంగా ఉంచి, వివరణను విడిగా ఇవ్వడమే సముచితం.