కనిపించని చంద్రుడు

పిల్లలూ! వెన్నెల రాత్రి బొమ్మ వెయ్యమంటే మీరు మొదట ఏం వేస్తారు? గుండ్రటి చంద్రుణ్ణి, అవునా? నేను బడిపంతులుగా ఉన్న రోజుల్లో ఒక కుర్రవాడు అలా వెయ్యలేదు. కాగితమంతా బొగ్గుతో నల్లగా పులిమి, వాకిట్లో పడుకున్న తాతను మాత్రం తెల్లగా వదిలేశాడు.

"చంద్రుడేడిరా?" అన్నాను.

"వెన్నెల ఉందిగా, మాస్టారూ!" అన్నాడు వాడు. నేను వినిపించుకోలేదు. మార్కులు తగ్గించాను.

చాలా ఏళ్ళకు ఒక పుస్తకంలో జిరోదే అనే ఫ్రెంచి చిత్రకారుడి బొమ్మ చూశాను. 1791లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, రోము నగరంలో ఉండగా వేశాడు దాన్ని. అసలు బొమ్మ పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఎత్తే సుమారు 2 మీటర్లు!

కథ గ్రీకు పురాణాలలోది. ఎండిమియన్ అనే అందమైన గొల్లపిల్లవాణ్ణి చంద్రదేవత ప్రేమించింది. (మనకు చంద్రుడు మగవాడు, గ్రీకులకు ఆడది.) అతనికి ముసలితనం రాకుండా, ఎప్పటికీ నిద్రపోతూనే ఉండేటట్టు వరం దొరికింది. రాత్రివేళ ఆమె వచ్చి అతన్ని చూసి పోతుంది.

బొమ్మలో చెట్ల నీడన ఎండిమియన్ నిద్రపోతున్నాడు. అతని కుక్క కూడా నిద్రపోతున్నది. సీతాకోకచిలుక రెక్కలున్న ఒక బాలుడు చిరునవ్వుతో కొమ్మలను పక్కకు లాగుతున్నాడు. ఆ సందులోంచి వెన్నెల వచ్చి నిద్రపోయేవాడి మొహాన, రొమ్మున పడుతున్నది. మరి దేవత ఏదీ? ఎంత వెతికినా కనిపించదు. చంద్రబింబమూ లేదు. ఆ వెన్నెలే దేవత!

రంగులో వెలుతురు ఉండదు కదా, ఆ ఒళ్ళు ఎలా మెరుస్తున్నది? మీరే చేసి చూడండి. బూడిదరంగు కాగితంలోంచి రెండు బిళ్ళలు కత్తిరించి, ఒకటి నల్లటి పలక మీద, ఒకటి తెల్లకాగితం మీద పెట్టండి. రెండూ ఒకటే రంగయినా పలక మీది బిళ్ళే తెల్లగా కనిపిస్తుంది. కన్ను దేన్నయినా పక్కనున్న దానితో పోల్చి చూస్తుంది. అందుకే జిరోదే చుట్టూ చీకటిని అంత చిక్కగా వేశాడు. ఆకాశంలోనూ ఇదే తమాషా! చంద్రుడి నేల నిజానికి నల్లటిది. తన మీద పడిన ఎండలో నూటికి సుమారు 12 పాళ్ళే తిప్పి పంపుతుంది. నల్లటి ఆకాశంలో ఉన్నాడు కనక మనకు వెండిపళ్ళెంలా కనిపిస్తాడు.

ఆ కుర్రవాడి కాగితం ఇప్పుడు నా దగ్గర లేదు. ఉంటే, అదే ఎర్రసిరాతో ఆ మార్కులు కొట్టేసి దిద్ది ఉందును.