పగ్ ముక్కుకు జంషెడ్‌పూర్ ఎండ పరీక్ష

మే నెలలో జంషెడ్‌పూర్‌లో ఉదయం తొమ్మిది దాటితే రోడ్డు మీద కాలు పెట్టలేం. ఛోటానాగ్‌పూర్ పీఠభూమి మీదుగా వీచే వడగాలికి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. మనిషికి చెమట పడుతుంది, గాలి తగిలితే ఒళ్లు చల్లబడుతుంది. కుక్కకు ఆ వెసులుబాటు లేదు. దాని చెమట గ్రంథులు ముఖ్యంగా అరికాళ్ల మెత్తలకే పరిమితం. అందుకే నోరు తెరిచి వగరుస్తుంది. నొక్కుకుపోయిన ముఖం, గుండ్రటి కళ్లు, చుట్ట తిరిగిన తోక ఉన్న పగ్‌కు ఈ వగర్పే పెద్ద చిక్కు.

2003లో వచ్చిన హచ్ మొబైల్ ప్రకటన గుర్తుందా? ఒక పిల్లవాడి వెంట ఎక్కడికైనా వెళ్లే ఆ బుల్లి కుక్క పగ్ జాతిదే. మన దేశంలో చాలా ఇళ్లకు పగ్ పరిచయమైంది ఆ ప్రకటనతోనే. 6 నుంచి 8 కిలోల బరువు, పొట్టి వెంట్రుకలు, పిల్లలతో ఇట్టే కలిసిపోయే గుణం ఉండటంతో, చిన్న క్వార్టర్లకూ ఫ్లాట్లకూ ఇంతకంటే అనువైన కుక్క ఉండదనిపిస్తుంది. చూడటానికి నిజమే.

దీని పుట్టిల్లు చైనా. అక్కడి రాజాస్థానాల్లో ఒడిలో పెరిగిన ఈ కుక్క డచ్చి వర్తకుల నౌకల్లో యూరప్ చేరింది. ఆంగ్ల చిత్రకారుడు విలియం హోగార్త్ 1745లో తన బొమ్మతో పాటు తన పగ్ బొమ్మను కూడా గీసుకున్నాడు. ఆ కుక్క పేరు ట్రంప్. ఆ చిత్రం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. దానికి ముక్కు ఉంది! ఇప్పటి పగ్ కంటే స్పష్టంగా పొడవైన ముట్టె అది. ముఖం ఎంత బల్లపరుపుగా ఉంటే అంత ముద్దు అనుకుంటూ తరతరాలుగా ఎంపిక చేసి పెంచింది మనుషులే.

కుక్కల ముఖం పొడవులోని తేడాల వెనుక అనేక జన్యువులున్నాయి. వాటిలో ఎస్‌ఎమ్‌ఓసీ2 ఒకటి. ముఖం పొడవులో కనిపించే తేడాల్లో 36 శాతం వరకు ఈ జన్యువు దగ్గరి మార్పు వల్లేనని 2017లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అయితే ఎముక కురచ అయినంతగా లోపలి మెత్తటి కణజాలం తగ్గలేదు. పెద్ద పరుపును చిన్న పెట్టెలో కుక్కినట్లు అంగిలి వెనుక భాగం శ్వాసనాళానికి అడ్డం పడుతుంది. నాసికా రంధ్రాలు చీలికల్లా మిగులుతాయి.

ఈ ఇరుకు వల్ల నష్టం ఎంతో తెలియాలంటే వగర్పు వెనుక ఉన్న భౌతికశాస్త్రం చూడాలి. కుక్క వగర్చేటప్పుడు గాలి ఎక్కువగా ముక్కు ద్వారా లోపలికి పోయి, నోటి ద్వారా బయటికి వస్తుంది. ముక్కు లోపలి గ్రంథులు తేమను అందిస్తాయి, అది ఆవిరవుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 జౌళ్ల వేడి కావాలి. ఆ లెక్కన 7 కిలోల పగ్ ఒంటి వేడి ఒక డిగ్రీ తగ్గాలంటే దాదాపు 10 గ్రాముల నీరు, అంటే రెండు టీస్పూన్లు, ఆవిరైతే చాలు. మామూలు కుక్క సెకనుకు సుమారు 5 సార్లు వగరుస్తుంది. ఊయలను సరైన లయలో తోస్తే తక్కువ శ్రమతో ఊగుతుంది కదా, ఈ వేగం కూడా కుక్క ఛాతీ, ఊపిరితిత్తుల సహజ లయకు సరిపోతుంది. అందుకే వగర్చడంలో కండరాలకు శ్రమ తక్కువ. గాలి దారి ఇరుకైన పగ్‌లో మాత్రం ప్రతి శ్వాసకూ కండరాలు గట్టిగా లాగాలి. ఆ శ్రమ వల్ల మళ్లీ వేడి పుడుతుంది. చల్లబడటానికి చేసే పనే వేడెక్కిస్తుంది.

జూన్‌లో ఉష్ణోగ్రత కొంత తగ్గినా గాలిలో తేమ పెరుగుతుంది. ఆ ఉక్కపోతలో నీరు త్వరగా ఆవిరి కాదు. కాబట్టి థర్మామీటర్ చూసి నిశ్చింతగా ఉండటానికి లేదు.

బ్రిటన్‌లో 4,000కు పైగా పగ్‌ల వైద్య రికార్డులను ఇతర కుక్కల రికార్డులతో పోల్చి 2022లో ఒక అధ్యయనం వెలువడింది. శ్వాసమార్గం అడ్డుపడే జబ్బు ఉండే అవకాశం పగ్‌లలో దాదాపు 54 రెట్లు ఎక్కువని తేలింది. మన ఇళ్లలో పగ్ గురక పెడితే నవ్వుకుంటాం, వీడియో తీస్తాం. చాలాసార్లు అది ఈ జబ్బు చప్పుడే. నెదర్లాండ్స్ ఇంకాస్త ముందే మేల్కొంది. ముట్టె పొడవు కపాలం పొడవులో మూడో వంతుకు తక్కువున్న కుక్కలను సంతానోత్పత్తికి వాడకుండా 2019లో నిబంధనలు తెచ్చింది.

ఇప్పటికే ఇంట్లో పగ్ ఉన్నవాళ్లు ఎండాకాలంలో నడకను తెల్లవారుజాముకు మార్చాలి. మెడపట్టీ బదులు ఛాతీకి వేసే పట్టీ వాడాలి. ఒళ్లు పెరగనివ్వకూడదు, కొవ్వు గాలి దారిని మరింత నొక్కుతుంది. వగర్పు ఆగకపోయినా, నాలుక నీలంగా మారినా, తూలినా అది వడదెబ్బే. వెంటనే నీడలోకి తెచ్చి, ఒంటి మీద కుళాయి నీళ్లు పోస్తూ ఫ్యాన్ గాలి తగిలేలా చూడాలి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే పశువైద్యుడి దగ్గరికి ప్రయాణం.

కొత్తగా కొనాలనుకునేవాళ్లు పిల్లతో పాటు దాని తల్లిదండ్రులనూ చూపించమని అడగాలి. కేంబ్రిడ్జ్ పరిశోధకులు శ్వాసను అంచనా వేయడానికి కుక్కను 3 నిమిషాలు చురుగ్గా నడిపించి, ముందూ తర్వాతా స్టెతస్కోప్‌తో వింటారు. స్టెతస్కోప్ లేకున్నా, చల్లటి పూట ఆ 3 నిమిషాల నడక తర్వాత తల్లి కుక్క గరగరలాడుతోందో లేదో మామూలు చెవికి కూడా వినిపిస్తుంది.