రంగుల ‘రాస్’ చేపలు: పెంచే ముందు తెలుసుకోండి

సముద్రపు రంగు చేపలు పెంచితే డబ్బే డబ్బని ఎవరైనా చెబితే, అప్పు పత్రంపై సంతకం పెట్టేముందు ఒక్కసారి ఆలోచించండి. వీటిలో ఎక్కువగా ఆశపెట్టేవి పగడపు దిబ్బల్లో తిరిగే ‘రాస్’ చేపలు. ప్రపంచంలో 500కు పైగా రకాలున్నాయి. తమిళనాడు పక్కనున్న మన్నార్ సింధుశాఖలోనూ కొన్ని ఉన్నాయి.

గుర్తించడం ఎలా?

క్లీనర్ రాస్: వేలెడంత ఉంటుంది. నీలి ఒంటిపై ముక్కు నుంచి తోక దాకా నల్లని పట్టీ. ఇతర చేపల ఒంటిపై పురుగులను ఏరి తింటుంది. తొట్టెలో ఆ మేత చాలక తరచూ చిక్కి చస్తుంది. అచ్చం ఇలాగే ఉండే మరో చేప ఇతర చేపల రెక్కలు కొరుకుతుంది. నోరు ముక్కు కొసన ఉంటే అసలుది, కిందికి ఉంటే నకిలీది.

ఆరు చారల రాస్: చిన్నదే, కానీ పోట్లాటమారి. తర్వాత వేసిన చేపలను తరుముతుంది.

చంద్రవంక రాస్: ఆకుపచ్చ ఒళ్లు, తోకలో పసుపు నెలవంక. 25 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. చిన్న చేపలను, రొయ్యలను తినేస్తుంది.

పసుపు రాస్: నెమ్మదైనది. కొత్తగా పెంచేవారికి ఇదే మేలు.

చాలా రాస్ చేపల్లో ఆడది పెరిగాక మగదిగా మారుతుంది, రంగూ మారుతుంది. కాబట్టి రంగు చూసి ‘కొత్త రకం’ అంటే నమ్మి ఎక్కువ ధర పెట్టకండి.

తొట్టె సంగతి

కనీసం 200 లీటర్ల తొట్టె కావాలి. వంట ఉప్పు పనికిరాదు. సముద్రపు అక్వేరియాల కోసం అమ్మే ఉప్పు మిశ్రమాన్ని లీటరుకు 35 గ్రాముల లెక్కన కలపాలి. రొయ్యల రైతులు వాడే రిఫ్రాక్టోమీటరుతో చూసుకోవచ్చు. వేడి 25-27 డిగ్రీలు ఉండాలి. చేపలు వేయకుండా 4-6 వారాలు ఫిల్టరు నడపాలి. అమ్మోనియా సున్నాకు వచ్చాకే చేపను వేయాలి.

పసుపు రాస్ రాత్రి ఇసుకలో దూరి నిద్రపోతుంది. అందుకే 5 సెంటీమీటర్ల మందాన సన్నని ఇసుక పరవాలి. తెచ్చిన కొత్తలో ఒకటి రెండు రోజులు కనబడకపోయినా ఇసుక తవ్వకండి. ఇవి బాగా ఎగురుతాయి, పైన వల మూత తప్పనిసరి. తరిగిన రొయ్య మాంసాన్ని రోజుకు 2-3 సార్లు కొద్దికొద్దిగా వేయాలి.

తొట్టె అందానికని పగడపు ముక్కలు ఏరి తేవద్దు. 2001 నుంచి పగడాలు వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి. కేసు పడుతుంది.

రాబడి మాట

మార్కెట్లోని రాస్ చేపల్లో దాదాపు అన్నీ సముద్రంలో పట్టినవే. పిల్ల తీయడం చిన్న రైతుకు సాధ్యమయ్యే పని కాదు. ఉప్పునీటి చేపలే కావాలనుకుంటే క్లౌన్ చేప నయం. దాని పిల్ల ఉత్పత్తి పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రూపొందించింది. అంతకంటే ముందు ఇంటి పెరట్లో సిమెంటు తొట్టెలో మంచినీటి గప్పీలు, మోలీలు పెంచి చెయ్యి తిప్పుకోండి. అక్కడ నష్టపోయినా చేను తాకట్టు పెట్టే పరిస్థితి రాదు.