పల్నాటి పోరు: మతాల గొడవా, దాయాదుల తగవా?

పన్నెండో శతాబ్ది చివర్లో హైహయ వంశపు అన్నదమ్ములు గురజాల, మాచర్ల గద్దెల కోసం కారెంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున చేసిన పోరే పల్నాటి యుద్ధం. 1176–82 మధ్య జరిగిందన్న లెక్క ఎక్కువగా వినిపిస్తుంది. ఎనిమిది వందల ఏళ్లు దాటినా అది శైవ వైష్ణవాల పోరాటమా, వాటాల తగాదానా అన్న వాదన తెగలేదు.

కథ ప్రకారం చిచ్చు ఇంట్లోనే పుట్టింది. వెలనాటి చోడుల ఆడపడుచు మైలమదేవిని పెళ్లాడిన అనుగురాజుకు పల్నాడు అరణంగా వచ్చింది. ఆయనకు ముగ్గురు భార్యలు. మైలమదేవి కొడుకు నలగామరాజు గురజాలలో గద్దెనెక్కగా, సవతి తమ్ముడు మలిదేవరాజు వాటా పంచుకుని మాచర్ల చేరాడు. తమ్ముడి పక్షాన బ్రహ్మనాయుడు, అన్న పక్షాన నాయకురాలు నాగమ్మ మంత్రాంగం నడిపారు. కోడిపందెంలో ఓడిన మాచర్లవారు ఏడేళ్లు రాజ్యం విడిచిపోవలసి వచ్చింది. గడువు తీరాక తమ భాగం అడగడానికి రాయబారం వెళ్లిన అలరాజు నలగాముడికి స్వయానా అల్లుడు. అతన్ని విషం పెట్టి చంపారు. దాంతో సంధి మాట అడుగంటింది. పోరులో బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడితో సహా వీరులెందరో నేలకొరిగారు.

మతయుద్ధమనేవారు ముందుగా చూపించేది చాపకూడు. బ్రహ్మనాయుడు వీరవైష్ణవుడు, మాచర్ల చెన్నకేశవుడి భక్తుడు. అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడు. మాల కన్నమదాసును కొడుకుగా చూసుకుని సేనానిని చేశాడు. నాగమ్మ శివభక్తురాలు కాబట్టి, కులం కట్టుబాట్లు కాపాడటానికి శైవులు ఈ కొత్త మతం మీద కత్తి కట్టారన్నది వారి మాట. వినడానికి బాగానే ఉంది గానీ, దీనికో చిక్కుంది. అదే శతాబ్దంలో కన్నడ దేశపు కల్యాణంలో బసవేశ్వరుడి వెంట నడిచిన వీరశైవులూ కులాన్ని ఎదిరించినవారే. శైవమంటే ఆచారం, వైష్ణవమంటే సంస్కరణ అని గీత గీస్తే లెక్క కుదరదు. పైగా అరణం, వాటా, పందెం, వనవాసం, రాయబారం అన్న కథలోని మలుపుల్లో దేవుడి పేరున మొదలైనది ఒక్కటీ లేదు.

ఆ మలుపులన్నీ భారతాన్ని తలపిస్తాయి. పాచికల చోట కోడిపుంజులు, పదమూడేళ్ల చోట ఏడేళ్లు. జరిగిందే అలా జరిగిందా, చెప్పినవాళ్లు భారతం అచ్చులో పోశారా అన్నది చరిత్రకారులకు తలనొప్పి. ద్విపదలో ఉన్న ‘పల్నాటి వీరచరిత్ర’ శ్రీనాథుడిదంటారు. ఆయన కాలం యుద్ధానికి రెండు శతాబ్దాల పైచిలుకు తర్వాతిది. అంతా ఆయన రచనేనా అన్న అనుమానమూ ఉంది. దాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. గాయకులు తరతరాలుగా పాడుతున్న వీరగాథ మరొకటి. దాన్ని అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ రికార్డు చేసి, 1982లో ఇంగ్లీషు అనువాదంతో పుస్తకం తెచ్చాడు.

కావ్యంలోనూ పాటలోనూ వీరులు మాచర్లవారే. గురజాల తరఫున గొంతెత్తినవారు లేరు. నాగమ్మ కుట్రలమారిగా మిగలడానికి ఇదే ముఖ్య కారణం. 1947లోనూ 1966లోనూ వచ్చిన ‘పల్నాటి యుద్ధం’ సినిమాలు ఆ ముద్రను ఇంటింటికీ చేర్చాయి. ఆ కాలంలో ఒక ఆడది రాజ్యం నడపడమే కథకులకు కంటగింపైందని ఇప్పుడు వాదించేవారున్నారు. బ్రహ్మనాయుడిని వెలమగా, నాగమ్మను రెడ్డిగా చెప్పుకోవడం వల్ల నేటి కుల పౌరుషాలూ ఈ చర్చలో దూరాయి. మతం సంగతి తేలకముందే ఇదో కొత్త పేచీ.

యుద్ధం తర్వాత బ్రహ్మనాయుడు రాజ్యాన్ని నలగాముడికే అప్పగించి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని ఐతిహ్యం. చరిత్ర చూపు వేరు. వెలనాటి చోడుల బలం సన్నగిల్లింది. పదమూడో శతాబ్ది మొదట్లో కాకతి గణపతిదేవుడు తీరాంధ్రలోకి చొచ్చుకొచ్చాడు. పల్నాటి పోరును ఈ పెద్ద రాజకీయంలో ఒక ఘట్టంగా చూసేవారికి మతమూ పందెమూ రెండూ పైపై సాకులే.

కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరుల ఆరాధనోత్సవాలు జరుగుతాయి. ఆచారవంతులు వీరుల ఆయుధాలైన కొణతాలను తెచ్చి వీర్ల గుడి దగ్గర పూజిస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అన్నవి ఆ రోజుల పేర్లు. ఏ పేరులోనూ మతం కనిపించదు. మందపోరు నాడు మాత్రం చాపకూడు ఉంటుంది.