డిజైనుకు రెండవ నకలు

గౌరిబిదనూరు తాలూకాలో, ఉత్తర పినాకిని ఒడ్డున విదురాశ్వత్థమున్నది. విదురుడు నాటినదని పెద్దలు చెప్పుకొను అచటి ప్రాచీనమైన రావిచెట్టు 2001లో నేలకొరిగినది. అటువంటిది మరల ఎక్కడ దొరకును? ఒకే ఒకటిగా నున్న వస్తువు పోయినచో అంతే. మన ఇండ్లలోని డిజైనుల గతియు ఇదే.

1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు జాకార్డు కనిపెట్టిన యంత్రమునకు రంధ్రములు కొట్టిన అట్టలే ఆధారము. కట్టలో ఒక అట్ట చినిగినచో ఒకటి కొట్టించుకొందుము, తక్కినవి నిలుచును. ఎలక్ట్రానిక్ జాకార్డునకు మాత్రము డిజైను ఒక ఫైలు. కంప్యూటరు డిస్కు చెడినచో అంచులు, కొంగులు, బుటాలు అన్నియు ఒక్క పూటలో పోవును. మరల కూలి ఇచ్చి గీయించువరకు మగ్గము ఊరక నిలుచును.

దీనికి విరుగుడు సులభము. 2007లో ప్రజలకు అమ్మకమునకు వచ్చిన విండోస్ విస్టా మొదలుకొని విండోసులన్నింటిలో 'రోబోకాపీ' అను చిన్న సాధనము కలదు. వేరుగా కొననక్కరలేదు. డిజైనులు 'డి' డ్రైవులోను, పెన్‌డ్రైవు 'ఇ' గాను ఉన్నవనుకొందము. కమాండ్ ప్రాంప్టు తెరచి, ఆంగ్లాక్షరములలో ఇట్లు వ్రాయవలెను:

రోబోకాపీ డి:\డిజైన్లు ఇ:\నకలు /ఇ

మొదట వ్రాసినది అసలు ఫోల్డరు, తరువాతది నకలు చేరవలసిన ఫోల్డరు. చివరి '/ఇ' వలన లోపలి ఫోల్డరులు కూడ వచ్చును. ఫోల్డరు పేరులో ఖాళీ యున్నచో దాని దారి మొత్తమును ఉటంకింపు గుర్తుల నడుమ ఉంచవలెను. రెండవసారి నడిపినపుడు పరిమాణము, తేదీ మారని ఫైళ్ళను వదలి, కొత్తవానిని, మారినవానిని మాత్రమే తీసుకొనును. కావున మొదటిసారి పట్టినంత సేపు మరల పట్టదు.

మూడు జాగ్రత్తలు చెప్పుచున్నాము. మొదటిది, రెండు ఫోల్డరుల వరుస తారుమారు కారాదు. అయినచో పాత నకలు వచ్చి నిన్న దిద్దిన డిజైనుపై కూర్చుండును. అనుమానమున్నచో చివర '/ఎల్' చేర్చి నడుపుడు. ఏమి జరుగబోవునో చూపును గాని ఏ ఫైలును ముట్టదు. రెండవది, '/మిర్' అను గుర్తును తెలియక వాడకుడు. అసలులో లేని ఫైళ్ళను అది నకలు నుండి తుడిచివేయును. పొరపాటున అసలు ఫోల్డరు ఖాళీ అయినచో నకలును ఖాళీ అగును. మూడవది, అసలు ఫైలు చెడి, పరిమాణమో తేదీయో మారియున్నచో, ఆ చెడినదే మంచి నకలుపై చేరును. అందుచేత నెలకొకసారి తేదీ పేరుతో వేరు ఫోల్డరు పెట్టుకొనుట మేలు.

పని ముగియగానే తెరపై ఒక పట్టిక వచ్చును. అందు 'ఫెయిల్డ్' అను గడిలో సున్న ఉన్నదేమో చూడవలెను. సున్న గానిచో కొన్ని ఫైళ్ళు చేరలేదన్నమాట. పిమ్మట నకలులోని ఒక డిజైనును తెరచి చూచుకొనవలెను. తెరచి చూడని నకలును నమ్మరాదు.

పెన్‌డ్రైవును కంప్యూటరునకే తగిలించి యుంచకుడు. పిడుగుపాటుకు, దొంగకు రెండును ఒకేసారి చిక్కును. తీసి, చీరలుంచు బీరువాలోనో, చుట్టముల ఇంటనో దాచుడు.

సోదరులారా, రేపటి పడుగు ఎక్కించుటకు ముందే ఈ పని చేసికొనుడని మా మనవి.