ఫైలు తెరుచుకోకపోతే ఏం చేయాలి?

చదువు పూర్తయ్యాక మనలో చాలామంది ఏదో ఒక ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చోబోయేవాళ్ళమే. అక్కడ అందరి ఫైళ్ళూ సర్వరు అనే ఒకే కంప్యూటరులో ఉంటాయి. ఒకరోజు ఫైలు తెరవబోతే "పర్మిషన్ డినైడ్" అని వస్తుంది. ఫైలు పాడైందని కంగారు పడనక్కరలేదు. మన దగ్గర తాళంచెవి లేదని మాత్రమే దాని అర్థం. ఆ తాళం సంగతి మాకు తెలిసినంతవరకు మిత్రులకు చెబుతున్నాము.

లినక్స్ సర్వరులో ప్రతి ఫైలుకూ యజమాని, గ్రూపు, ఇతరులు అని మూడు వర్గాలు. ఒక్కో వర్గానికి చదవడం, రాయడం, నడపడం అనే మూడు హక్కులు. వీటికి వరుసగా 4, 2, 1 అంకెలు. కూడితే హక్కు తేలుతుంది. 640 అంటే యజమాని చదవొచ్చు, మార్చొచ్చు. గ్రూపువారు చదవడం వరకే. ఇతరులకు ఏమీ లేదు. ఫోల్డరుకైతే 1 అంటే లోపలికి వెళ్ళే హక్కు.

తెరుచుకోనప్పుడు వరుసగా ఇవి చూడాలి:

1. "ఐడీ" అనే కమాండు ఇస్తే మనం ఏ గ్రూపుల్లో ఉన్నామో తెలుస్తుంది. కొత్తగా చేర్చి ఉంటే లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ కావాలి.

2. "ఎల్ఎస్ మైనస్ ఎల్" ఇస్తే ఫైలు యజమాని, గ్రూపు, హక్కులు కనిపిస్తాయి.

3. ఫైలుకు హక్కు ఉన్నా, దాని పై ఫోల్డర్లలో ఏ ఒక్కదానికి ప్రవేశం లేకపోయినా దారి మూసుకున్నట్టే.

4. పాతవి తెరుచుకుని, తోటివారు కొత్తగా పెట్టినవి మాత్రం మార్చలేకపోతుంటే ఫోల్డరుకు 2770 ఇవ్వాలి. అప్పుడు కొత్త ఫైలుకు ఆ ఫోల్డరు గ్రూపే వస్తుంది. "యూమాస్క్" 022 ఉంటే గ్రూపుకు రాసే హక్కు రాదు, 002 చేయాలి.

విండోస్ సర్వరులో షేర్ హక్కు, ఎన్‌టీఎఫ్‌ఎస్ హక్కు రెండూ చూడాలి. నెట్‌వర్కు ద్వారా తెరిచేటప్పుడు రెండింటిలో తక్కువైనదే చెల్లుతుంది.

పని తొందరలో చాలామంది 777 ఇచ్చేస్తారు. ఫైలు వెంటనే తెరుచుకుంటుంది, నిజమే. కానీ అది స్కాలర్‌షిప్పుల జాబితా అనుకోండి. అందులో మనవంటి పిల్లల కులం, ఆదాయం, బ్యాంకు ఖాతా నెంబర్లు ఉంటాయి. సర్వరులోకి రాగలిగిన ప్రతివారూ వాటిని చూడగలరు, మార్చగలరు. ఖాతా నెంబరులో ఒక్క అంకె మారితే ఒక విద్యార్థి ఫీజు ఆగిపోతుంది.

రేపు ఆ కుర్చీలో మనమే కూర్చోవచ్చు. అవసరమైనవారికి అవసరమైనంత హక్కే ఇద్దాం. ఆ ఫైలులోని పేర్లు మన తమ్ముళ్ళవీ, చెల్లెళ్ళవీ అని మరచిపోవద్దు.